కరెంటు పోయినప్పటి క్లాసు

ఏమే బుజ్జీ,

నీ మెసేజులన్నీ చూశానే తల్లీ, చూసి రాత్రికి తీరిగ్గా రాద్దామనుకున్నా, ఆ తీరిక ఇవాళ్టిదాకా దొరకలేదు. కోప్పడకు. వాయిస్ నోట్ పెట్టేద్దామనుకున్నా గానీ ఇది వాయిస్ నోట్‌లో తెమిలేది కాదు, మధ్యలో నీ బ్యాంకు కస్టమర్లు వచ్చేస్తారు, నువ్వు సగంలో ఆపి "తర్వాత వింటా" అంటావు, నాకు తెలీదా. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో ఉన్నా, మిడ్ పరీక్షలు జరుగుతున్నాయి, మధ్యాహ్నం సెషన్‌కి ఇన్విజిలేషన్ పడింది, ఆలోపు అయినంత.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అత్తయ్యగారి మోకాలు పర్లేదు, మందులు మార్చారు. చిన్నోడు ఒకటో క్లాసు, లెక్కలంటే ప్రాణం, ఒత్తులంటే ఏడుపు. మా ఆయనకి మళ్ళీ షిఫ్టులు మారాయి. కాకినాడలో వానలు, బట్టలు ఆరట్లేదు. అమ్మ నిన్ను అడిగింది, హుబ్లీలో పప్పు దొరుకుద్దా అని, దొరుకుద్దనే చెప్పా. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు, మా ఆయనకి చెప్తే "మంచిదే కదా" అని ఫోన్ చూసుకున్నాడు, అది చాలదు నాకు, నువ్వే కావాలి.

ఈ సెమిస్టర్ నుంచి నా క్లాసులు రికార్డ్ చేస్తున్నానని చెప్పా కదా. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. అవునే, అదే, నువ్వు నీలం బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని చదివిన సబ్జెక్టే, ఆ బకెట్ చివరికేమైందో ఇప్పుడెత్తను. పెద్ద సెటప్ ఏమీ లేదు. మా ఆయన పాత ఫోను, ఒక ట్రైపాడ్, పమిటకి పెట్టుకునే కాలర్ మైకు, అంతే. క్లాసయ్యాక యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు క్లాస్ గ్రూపులో వేస్తా, లింకున్నవాళ్ళకే కనపడుతుంది, వెతికితే దొరకదు.

ఎందుకు మొదలెట్టానంటే లేటరల్ ఎంట్రీ పిల్లల కోసం. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి తిన్నగా సెకండియర్‌కి వస్తారు కదా వాళ్ళు, కౌన్సెలింగ్ అయ్యి అడ్మిషనయ్యి వచ్చి కూర్చునేసరికి మాకు ఒకటో యూనిట్ అయిపోతుంది. ల్యాబులో వాళ్ళని చూడాలే నువ్వు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే మనం చూస్తూ ఉండిపోవాలి, సీఆర్ఓ, అదే తెర మీద సిగ్నల్ చూపించే మిషను, దాని మీద చెయ్యి పెడితే వేవ్‌ఫామ్ ఠక్కున నిలబడుద్ది. కానీ ఫస్టియర్ మాథ్స్ వాళ్ళకి లేదు, పైగా చాలామంది పదో తరగతిదాకా తెలుగు మీడియం. వాళ్ళు ఎక్కి కూర్చునేలోపే బస్సు కదిలిపోతోంది, ఇన్నేళ్ళుగా అదే చూస్తున్నాం అందరం. క్లాసు మళ్ళీ చెప్పడానికి టైమ్ టేబుల్‌లో జాగా లేదు, రికార్డింగ్ అయితే వాళ్ళకి వీలైనప్పుడు చూసుకుంటారు కదా అని.

హెచ్ఓడీ సారు ముందు ఒప్పుకోలేదు. అటెండెన్స్ పడిపోద్దమ్మా అన్నారు. సార్, 75 శాతం లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు, పైగా పొద్దున్నే బయోమెట్రిక్, వీడియో ఉందని ఎవడు మానేస్తాడు సార్ అన్నా. ఆలోచించి సరేలే ఒక సెమిస్టర్ చూడు అన్నారు.

ఇక వినవే. కన్వల్యూషన్ చెప్తున్న రోజు. బయట వాన, ఆకాశం నల్లగా. స్లైడ్ మీద ఇంటిగ్రల్ వేసి, టావ్ అంటే ఇది, టీ మైనస్ టావ్ అంటే ఇది, ఫ్లిప్ చెయ్యాలి, షిఫ్ట్ చెయ్యాలి, మల్టిప్లై చెయ్యాలి, ఇంటిగ్రేట్ చెయ్యాలి అని ఇంగ్లీషులో వెళ్తున్నా. కరెంటు పోయింది. ప్రొజెక్టర్ పోయింది, ఫ్యాన్లు ఆగాయి, కిటికీలు వానకి మూసేశాం కాబట్టి బోర్డు కూడా కనపడట్లేదు. జనరేటర్ వేసే అతను ఆ రోజు ఎక్కడున్నాడో. సరే ఊరికే నిలబడతామా, బల్లల మధ్యకి వెళ్ళి నిలబడ్డా. మీలో ద్రాక్షారామం నుంచి ఎవరొస్తారర్రా అన్నా. చీకట్లోంచి "మేమున్నాం మేడమ్" అని రెండు మూడు గొంతులు. గుడికెళ్తే గంట కొడతారా అన్నా. కొడతాం అన్నారు. అయితే వినండి అని తెలుగులో మొదలెట్టా.

నువ్వు బ్యాంకులో పడ్డాక ఇవన్నీ మర్చిపోయి ఉంటావు కాబట్టి నీకూ చెప్తా, కాదనకు. గంట మీద ఒక్క దెబ్బ కొడితే ఠంగుమని లేచి, తగ్గుతూ తగ్గుతూ పోతుంది కదా. ఆ తగ్గుతూ పోయే మోతే ఇంపల్స్ రెస్పాన్స్, ఆ గంట గురించి తెలుసుకోవాల్సిందంతా అందులోనే ఉంది. గట్టిగా కొడితే అంత గట్టిగానూ మెల్లిగా కొడితే అంత మెల్లిగానూ మోగుద్ది, అది లీనియర్. పొద్దున కొట్టినా సాయంత్రం కొట్టినా ఒకేలా మోగుద్ది, అది టైమ్ ఇన్వేరియంట్. ఇప్పుడు ఆ మోత ఆగకముందే వెనకాల ఇంకొకాయన వచ్చి ఇంకో దెబ్బ వేశాడు. ఆయన వెనక నాన్న ఎత్తుకుంటే ఒక చిన్నపిల్లాడు చిన్న దెబ్బ వేశాడు. ఈ క్షణాన నీ చెవిలో పడేది ఏంటి? పిల్లాడి దెబ్బ ఇంకా తాజాగా ఉంది, ఆయన దెబ్బ సగం తగ్గింది, మొదట కొట్టినవాడిది చివరి తోక మిగిలింది, అన్నీ కలిసి వినపడతాయి. ఎవరు ఎంత గట్టిగా కొట్టారు, కొట్టి ఎంతసేపైంది, ఈ రెండూ తెలిస్తే చాలు, ఒక్కొక్కళ్ళ లెక్కా గుణించి అన్నీ కూడెయ్యడమే. కన్వల్యూషన్ అంటే అంతే.

మరి ఆ తిరగెయ్యడం ఎందుకు, ఫ్లిప్ అంటారే, అని చీకట్లోంచి ఎవరో అడిగారు. దానికోసమే కదా నేను ఎదురుచూసేది! కొట్టి ఎంతసేపైందో ఎలా చెప్తావు, ఇప్పటి టైములోంచి కొట్టిన టైము తీసేస్తావు, అదే టీ మైనస్ టావ్. అందరికంటే ముందు కొట్టినవాడి మోత అందరికంటే పాతబడి ఉంటుంది, ఆఖర్న కొట్టినవాడిది మొదట్లో ఉంటుంది, అందుకని వరస తిరగబడుతుంది. ఎవరూ కావాలని తిరగెయ్యలేదు, టైమే అలా ఉంది అన్నా. ఒక్కసారి "ఆఆ" అన్నారే అందరూ. ఆ "ఆఆ" కోసమే ఈ ఉద్యోగం చేస్తాం మనం, అంటే నేను, నువ్వు చెయ్యట్లేదు గానీ.

ఇంతలో కరెంటొచ్చింది, ప్రొజెక్టర్ వేడెక్కి స్లైడ్ వచ్చింది, నేను మళ్ళీ స్లైడ్ దగ్గరికెళ్ళి ఇంగ్లీషులో ప్రాబ్లమ్ మొదలెట్టా. సాయంత్రం మామూలుగా వీడియో ఎక్కించేశా. ఫోను బ్యాటరీ మీద ఉంది కాబట్టి కరెంటు పోయినా రికార్డింగ్ ఆగలేదు, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇప్పుడు చూడు. ఫస్ట్ మిడ్ ముందు రోజు రాత్రి, చిన్నోడు పడుకున్నాక, అసలు పిల్లలు చూస్తున్నారా లేదా అని యూట్యూబ్ స్టూడియో తెరిచా. అందులో ఒక్కో వీడియోకీ ఒక గీత ఉంటుందే, ఏ నిమిషాన ఎంతమంది చూశారో చూపించే గీత. ఎక్కడ వదిలేసి వెళ్ళారో అక్కడ కిందకి దిగుద్ది, ఎక్కడ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశారో అక్కడ పైకి లేస్తుంది, ఒక్కళ్ళే రెండు మూడుసార్లు చూస్తే నూరు శాతం దాటి కూడా పోతుంది. నా వీడియోలన్నిట్లో మొదట ఒక పెద్ద గుంట. ఏంటా అని చూస్తే హాజరు పిలిచే భాగం, అందరూ దూకేశారు, న్యాయమే. తర్వాత అక్కడక్కడా చిన్న చిన్న గుట్టలు, బోర్డు నిండాక చెరపబోయే ముందు, రాసుకోడానికి వెనక్కి తిప్పుకున్నారన్నమాట. కన్వల్యూషన్ వీడియో తెరిచానే, మధ్యలో ఒక కొండ. గుట్ట కాదు, కొండ! మిగతా వీడియో అంతా దాని కాళ్ళ దగ్గరున్నట్టుంది.

అక్కడ నొక్కితే తెర నల్లగా వచ్చింది. వీడియో పాడైందేమో అనుకున్నా. అప్పుడు వాన చప్పుడు వినపడింది, ఎవరో బెంచీ జరిపారు, నా గొంతు "గుడికెళ్తే గంట కొడతారా" అంటోంది. ఏమీ కనపడట్లేదే బుజ్జీ, ఒట్టి చీకటి, ఆ చీకట్లో మాటలు. ఎంతో కష్టపడి రంగులేసి బాణాలు పెట్టి యానిమేషన్లు కూర్చిన స్లైడ్లు ముందూ వెనకా ఉన్నాయి, వాటిని ఒక్కసారి చూసి వదిలేశారు. ఏమీ కనపడని ఆ ముక్కని మాత్రం తిప్పి తిప్పి విన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాధ కాదు, అదేదో, ఎలా చెప్పాలి, ఎవరో తలుపు తీసి లోపలికి పిలిచినట్టు... సరే వదిలెయ్, నీకు అర్థమవుద్ది.

మర్నాడు పరీక్షయ్యాక ఒక లేటరల్ ఎంట్రీ అబ్బాయి కారిడార్లో కనపడితే అడిగా, ఏరా ఆ కన్వల్యూషన్ వీడియో చూశావా అని. "ఏది మేడమ్, కరెంట్ క్లాసా?" అన్నాడు. దానికి పేరే పెట్టేసుకున్నారు వాళ్ళు! బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోను జేబులో వేసుకుని వింటాడంట, ఎలాగూ బొమ్మ లేదు కదా మేడమ్ అన్నాడు. మిగతావి ఒకటింపావు స్పీడులోనో ఒకటిన్నర స్పీడులోనో పెడతారంట, దీన్ని మాత్రం మామూలు స్పీడులో. మరి స్లైడ్లు చూడవా అంటే, "చూస్తాం మేడమ్, స్లైడ్లు పాజ్ చేసి రాసుకుంటాం, ఇది విని అర్థం చేసుకుంటాం" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో. పక్కనే ఇంకో అమ్మాయి నిలబడి ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు క్లాసులో, ఆ పిల్ల అడిగింది, "మేడమ్, ప్రొజెక్టర్ వెయ్యగానే మీరు ఇంగ్లీషులోకి ఎందుకెళ్ళిపోతారు?" అని. నా దగ్గర జవాబు ఉంది, పరీక్ష ఇంగ్లీషులో, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, అవన్నీ చెప్పా కూడా. కానీ ఆ ప్రశ్న ఇంకా నా వెంటే తిరుగుతోంది.

నీకు గుర్తుందా, మన హాస్టల్లో ఆ హార్డ్ డిస్కు. ఐఐటీల వాళ్ళ ఎన్‌పీటీఈఎల్ వీడియో లెక్చర్లన్నీ కాపీ చేసుకుని గదులన్నీ తిరిగేది, ఎవరి దగ్గర ఉందో ఎప్పుడూ తెలీదు, పెసరట్ల ఒప్పందం చేసుకుంటే గానీ చేతికి రాదు. ఐఐటీ ఢిల్లీ దత్తా రాయ్ గారి డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ క్లాసులు అందులోనే చూశాం. ఎంఐటీ ఆపెన్‌హైమ్ గారివి కూడా (అణుబాంబు ఓపెన్‌హైమర్ కాదే, నువ్వు వారం రోజులు ఆయనే అనుకున్నావు), 1987లో రికార్డ్ చేసిన పాఠాలు, మనం పుట్టకముందువి, ఎంఐటీ వాళ్ళు తమ ఉచిత సైట్ ఓపెన్ కోర్స్‌వేర్‌లో పెడితే మనం అమలాపురం పిల్లతో కలిసి ముగ్గురం ఒక లాప్‌టాప్ మీద పడి చూశాం. ఒక్క నిమిషం ముక్కని ఎన్నిసార్లు వెనక్కి తిప్పేవాళ్ళమే. యాస అర్థం కాక కొన్నిసార్లు, లెక్క అర్థం కాక కొన్నిసార్లు. మనం ఎక్కడ తిప్పామో, ఎక్కడ ఆగిపోయామో, ఎక్కడ లాప్‌టాప్ మూసేసి టీకి వెళ్ళిపోయామో వాళ్ళకి తెలిసే దారే లేదు. 1984 నుంచి దూరదర్శన్‌లో యూజీసీ పాఠాలు వచ్చేవని మా నాన్న చెప్పేవాడు, అసలు వెనక్కి తిప్పడమే లేదప్పుడు, పోయింది పోయినట్టే. ఇప్పుడు నా పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో నాకు తెలుస్తోందే. క్లాసులో అర్థమైందా అంటే అందరూ అయింది అంటారు, ఆ గీత అబద్ధమాడదు. రికార్డింగ్ పిల్లలు మళ్ళీ చూసుకోడానికని పెట్టా, తీరా చూస్తే ఎక్కువ నేర్చుకుంటోంది నేనే.

ఇదంతా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చెప్పా. కొందరు సంతోషించారు. ఒక సీనియర్ మేడమ్ మాత్రం, రికార్డ్ అవుతోందని తెలిస్తే పిల్లలు డౌట్లు అడగరమ్మా, తప్పడిగితే జీవితాంతం ఉండిపోద్దని భయపడతారు అన్నారు. అది నిజం బుజ్జీ, నేను కాదనలేకపోయా. అప్పట్నుంచి డౌట్ల టైముకి రికార్డింగ్ ఆపేస్తున్నా, తర్వాత మళ్ళీ ఆన్ చేసి ప్రశ్న నేనే చెప్పి జవాబు పెడుతున్నా, ఎవరడిగారో ఉండదు. ఫోను కూడా బోర్డు వైపే, పిల్లల మొహాలు పడవు. ఇంకో కుర్ర లెక్చరర్ అన్నాడు, మేడమ్ వీడియోలన్నీ మేనేజ్‌మెంట్ చేతికిచ్చేస్తే వచ్చే ఏడాది మనమెందుకు వాళ్ళకి అని. అందరూ నవ్వారు గానీ అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వీడియోలు నా అకౌంట్లోనే ఉన్నాయి, అక్కడే ఉంటాయి, ఆ మాట మీటింగ్‌లోనే చెప్పేశా.

అతని మాటతో నాకు ఆ కెనడా సంగతి గుర్తొచ్చింది. 2021లో, మాంట్రియల్‌లో కాంకార్డియా యూనివర్సిటీ, ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో ఆర్ట్ హిస్టరీ కోర్సు చేస్తున్నాడు, వీడియోల్లో ప్రొఫెసర్ ఎంత ఇష్టంగా చెప్తున్నాడో అని ఆయనకి మెయిల్ రాద్దామని వెతికితే, ఆయన, ఫ్రాన్స్వా మార్క్ గాన్యోన్ గారు, 2019లోనే చనిపోయారని తెలిసింది. రోజూ పాఠం చెప్తున్న మనిషి లేడు. అప్పట్లో చదివి నేను కోప్పడ్డా, చెప్పకుండా ఎలా పెట్టారు అని. ఇప్పుడూ అంతే, ముందే చెప్పాలి, చెప్పి తీరాలి. కానీ ఇంకో సంగతి కూడా అనిపిస్తోంది. మన చాక్‌పీస్ సారు. ఆయన క్లాసు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎవరి ఫోన్లోనైనా ఉందా? ఫేర్‌వెల్ ఫొటోలో వెనక వరసలో సగం మొహం, అదే ఉంది మన దగ్గర. ఆయన లాప్లాస్ మొదలెట్టేముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "ఇప్పుడు" అనేవారు చూడు. ఆ "ఇప్పుడు" మళ్ళీ వినాలని ఉందే నాకు. చెప్పే పద్ధతి నేను ఆయన దగ్గరే కదా...

ఏడిపించుకోడం ఆపుతా. టైమ్ అవుతోంది.

ఏం చెయ్యాలనుకుంటున్నానో చెప్తా. క్లాసు ఇంగ్లీషులో ఉంటుంది, ఉండాలి కూడా, పిల్లలు పేపర్ మీద రాయాల్సింది ఆ భాషలో, రేపు గేట్ రాసినా అదే, వాళ్ళకి అది అలవాటు చెయ్యకపోతే నేను అన్యాయం చేసినట్టే. కానీ ఒక్కో యూనిట్‌లో ఎక్కడ గీత పైకి లేచిందో చూసి, ఆ ఒక్క ముక్కకి తెలుగులో పదేసి నిమిషాల రికార్డింగ్ చేస్తా, స్లైడ్ లేకుండా, గొంతు మాత్రమే, బస్సులో వినేలా. 2021లో ఏఐసీటీఈ, అదే టెక్నికల్ చదువుల కౌన్సిల్ వాళ్ళు బీటెక్ తెలుగులో కూడా చెప్పొచ్చన్నారు కదా, ఎన్‌పీటీఈఎల్ వాళ్ళు కూడా కొన్ని కోర్సుల టెక్స్ట్ తెలుగులో ఇస్తున్నారు, మంచిదే, నేను పిల్లలకి చూపిస్తా కూడా. కానీ రాసిన తెలుగు వేరు, "ఒరే వినండ్రా" అని పక్కన నిలబడి చెప్పే తెలుగు వేరు. అది మనమే చెయ్యాలి, ఎవరి క్లాసుకి వాళ్ళే. ఇంపల్స్ అనీ కన్వల్యూషన్ అనీ పేర్లు అలాగే ఉంచుతా, వాటిని మార్చే పనేం లేదు, చెప్పే తీరు మనదైతే చాలు.

మొదటిది ఫోరియర్ సిరీస్ మీద చేశా, రాత్రి వంటయ్యాక, వంటింట్లోనే, ఫ్రిజ్ ఆపేసి (చప్పుడొస్తోందని), అత్తయ్యగారు చీకట్లో ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని లేచొచ్చారు, ఆవిడ మాట కూడా అందులో పడింది, తియ్యలేదు. లింకు నీకు పంపుతా. నువ్వు వినాలి. అంతా మర్చిపోయినదానివి కాబట్టి నువ్వే నాకు కావాల్సిన మనిషివి, ఎక్కడ నీకు ఆగిపోయిందో నిమిషంతో సహా చెప్పు, బాగుందే అని ఊరికే పెట్టకు. "బాగుందే" అన్నావో, తొమ్మిదో నంబరు గది తాళం ఎవరు పోగొట్టారో మీ ఆయనకి చెప్తా.

ఇంకోటి, ఆ సీనియర్ మేడమ్ నిన్న నా దగ్గరికొచ్చి ఎలక్ట్రోమాగ్నెటిక్స్ క్లాసుకి నా మైకు ఇస్తావా అనడిగారు, ఏమన్నానంటే, అసలు ఆవిడ అడిగిన తీరు ఎలా ఉందంటే, అయ్యో బెల్లు కొట్టేశారే, ఆన్సర్ షీట్లు తీసుకోవాలి ఇంకా, హాలు మూడో అంతస్తులో. మిగతాది ఫోన్లో. ఆదివారం ఎత్తు.

నీ
పొడుగుజడ